నాలుగో పంపు

"నాలుగూ నా చేతి పోతలే సార్. కాదన్నవాడి కాలర్ పట్టుకుంటాను. ఆయన కాదన్నాడు, పట్టుకున్నాను. అంతే. చంపలేదు."

లాకప్ ఊచల అవతల కూర్చున్న పోత మేస్త్రీ ఈ మాట చెప్పడం అప్పటికి మూడోసారి. కరిగిన ఇనుమును అచ్చుల్లో పోస్తూ ముప్ఫై ఏళ్ళు బతికిన మనిషి. కనుబొమ్మలు కాలిపోయి, మొలిచి, మళ్ళీ కాలిపోయి, చివరికి ఎందుకొచ్చిన గొడవని మొలవడమే మానుకున్నాయి. రెండు రాత్రుల నిద్ర కళ్ళలోనే నిలబడిపోయి ఉంది.

ఊచల ఇవతల స్టూలు మీద శొంఠికొమ్ము కూర్చున్నాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎవరో అంటించారు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఒంటికాయ శొంఠికొమ్ము. పైగా మాట ఘాటు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్నా, పేరు మాత్రం జిడ్డులా అంటుకునే ఉంది.

"అంతే అంటే కుదరదు మేస్త్రీ. రేపు పొద్దున నిన్ను కోర్టుకు తీసుకెళ్తారు. ఆ లోపల నాకు ఏదో ఒకటి దొరకాలి. టెస్టింగ్ ఇంజనీరు నీతో సరిగ్గా ఏమన్నాడు?"

"మొన్న మధ్యాహ్నం పంపుహౌసుకొచ్చి చిన్న సుత్తితో ఒక్కో పంపునీ టంగుమని కొట్టి చూశాడు. నాలుగోదాని దగ్గర ఆగాడు. 'ఇది మీ పోత కాదయ్యా మేస్త్రీ, మోత వేరుగా ఉంది' అన్నాడు. అందరి ముందూ! నా బిడ్డ నాకు పుట్టలేదన్నట్టు లేదూ?"

ఆ మాట వెనక ఎంత బరువుందో శొంఠికొమ్ముకు తెలుసు. ఊరికంతటికీ తాగునీళ్ళిచ్చే సర్కారు పథకం అది. ప్రజల సొమ్ముతో కట్టే దేనికైనా దేశంలో పోసిన ఇనుమే వాడాలని, ధర ఎక్కువైనా సరే ఇక్కడి సరుకే కొనాలని మూడేళ్ళ కింద రూలు పెట్టారు. మూతపడబోతున్న మేస్త్రీగారి ఫౌండ్రీ ఆ రూలు పుణ్యమా అని మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. బయటి దేశం పంపు ఒక్కటి దొంగచాటుగా బిగించినా కాంట్రాక్టు రద్దు, మళ్ళీ ఎన్నడూ సర్కారు పని దొరకదు. ఇంజనీరు ఆ మాట కాగితం మీద పెట్టేలోపే, సాయంత్రం నీళ్ళు లేని సంపులో తల పగిలి కనిపించాడు.

"సాయంత్రం మళ్ళీ ఎందుకెళ్ళావు?"

"మనసొప్పలేదు సార్. చదువుకున్నోడు, నాకంటే చిన్నోడు. చెయ్యి చేసుకోవడం తప్పే కదా. క్షమించమందామని వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసుంది. రెండుసార్లు పిలిచాను, పలకలేదు. కోపం తగ్గలేదేమో, రేపు చెబుదాంలే అని వచ్చేశాను."

"లోపలికి తొంగి చూడలేదా?"

"చూడలేదు సార్. అదే నా ఖర్మ."

అబద్ధం చెప్పేవాడు తొంగి చూశానని ఏదో ఒక కథ అల్లుతాడు. ఈయనకి కథ అల్లడం కూడా రాదు. శొంఠికొమ్ము లేచాడు.

"మా ఆవిడే మిమ్మల్ని పెట్టిందంట కదా సార్," అన్నాడు మేస్త్రీ ఊచలు పట్టుకుని. "బెంగ పెట్టుకోవద్దని చెప్పండి. రేపు పంపులు తిరిగితే జనం చూస్తారు. నాలుగింటిలో ఒక్కటీ పగలదు. నాకది చాలు. అవునూ, మీకు ఇంట్లో ఎవరున్నారు సార్?"

"గోడలు నాలుగున్నాయి. మంచివి. ఎదురు చెప్పవు."

మేస్త్రీ నవ్వాడు. శొంఠికొమ్మూ నవ్వాడు కానీ మెట్లు దిగేసరికి ఆ నవ్వు ఆవిరైపోయింది. అంత ఇరుకులో ఇరుక్కున్నవాడికి కూడా బెంగపెట్టుకోవద్దని కబురు పంపడానికి ఒక మనిషి ఉంది. తనకు రేపు ఏదైనా అయితే ఎవరికి కబురు పంపాలి? ఇంటి ఓనరుకా? ఆయన అద్దె సంగతి అడుగుతాడు. సిగ్గు లేకుండా చెప్పాలంటే, లాకప్‌లో ఉన్న మనిషిని చూసి అసూయపడ్డాడు.

పంపుహౌసు ఆపరేటరు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వేయించిన బఠాణీలు నములుతున్నాడు.

"మొన్న సాయంత్రం లోపల ఎవరెవరున్నారు?"

"ఇంజనీరుగారొక్కరే సార్. ఐదింటికి నేను టీకి వెళ్ళాను. పావుగంటలో తిరిగొస్తుంటే మేస్త్రీ గేటు దాటి పోతున్నాడు. పలకరిస్తే పలకలేదు. ఆరింటికి లైట్లార్పుదామని లోపలికెళ్తే..." బఠాణీలు పొట్లంలోకి తిరిగి పోసేశాడు. "మంచి మనిషి సార్. నన్ను గారూ అని పిలిచేవాడు."

లోపల ఎత్తైన సిమెంటు గట్టు మీద నాలుగు పంపులు వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే నీలం, ఒకే ఆకారం. అన్నిటి పొట్టల మీదా ఫౌండ్రీ పేరు రంగుతో రాసి ఉంది. గట్టు అంచున ఇనుప రెయిలింగు మూడు పంపుల వరకే ఉంది. నాలుగోదాని వెనక ఇంకా బిగించలేదు. అక్కడ కాలు తప్పితే నేరుగా రెండు నిలువుల లోతు సంపు. ఇంజనీరు పడింది అక్కడే. ఆయన పక్కనే పెద్ద స్పానర్ ఒకటి నెత్తురు మరకతో దొరికింది. పోలీసులు దాన్నే ఆయుధమంటున్నారు.

శొంఠికొమ్ము మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు కటకటమన్నాయి. గట్టు అంచున, సిమెంటు మీద, బూటు మడమ ఈడ్చిన నల్లటి గీత. అది పంపు దగ్గర మొదలై వెనక్కి వెళ్ళింది. ఎవరైనా తోస్తే మనిషి ముందు నిలదొక్కుకోవడానికి కాళ్ళు మారుస్తాడు, గీతలు అడ్డదిడ్డంగా పడతాయి. ఇది ఒకటే గీత. తన బలం తననే వెనక్కి విసిరేసినట్టుంది.

"పోలీసులు తీసుకెళ్ళిన స్పానర్ లాంటిది ఇంకోటుందా?"

"ఫౌండ్రీవాళ్ళు జత ఇచ్చారు సార్. రెండోది అదుగో, కొక్కేనికుంది. వాళ్ళ నట్లకి బయట దొరికేవి సరిపడవు. వాళ్ళ కొలత వాళ్ళదే."

శొంఠికొమ్ము ఆ స్పానర్ తెచ్చి మొదటి పంపు మూత మీది నట్టుకు తొడిగాడు. కుక్క బొమికని పట్టినట్టు పట్టుకుంది. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే. నాలుగోదానికి తొడిగి కొంచెం లాగాడు. అత్తగారి ఉంగరం కొత్త కోడలి వేలికి పెట్టినట్టు, స్పానర్ నట్టు చుట్టూ వదులుగా తిరిగింది. ఇంకాస్త గట్టిగా లాగితే జారి చేతిలోకి వచ్చేసింది. అతను చటుక్కున వెనక్కి చూసుకున్నాడు. వెనక సంపు నోరు తెరుచుకుని ఉంది.

ఇంజనీరు మోత విని ఊరుకోలేదు. ఎవరూ లేనప్పుడు మూత విప్పి లోపల చూద్దామని ఈ స్పానర్ పట్టుకున్నాడు. సంపు వైపు వీపు పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. స్పానర్ జారింది. హంతకుడు లేడు, హత్యా లేదు. పాడు నట్టొకటి ఉంది, అంతే.

మరి స్పానర్ అంత బలంగా జారితే నట్టు అంచులు చెక్కుకుపోయి ఉండాలి కదా? వంగి చూశాడు. మూతకు ఆరు నట్లు. అంచుకు దగ్గరగా ఉన్నది ఒక్కటే మిగతావాటికంటే మెరుస్తోంది. వేలు పెడితే వేలికి నీలం రంగు అంటుకుంది. కింద నూనె జిడ్డు తుడవకుండా ఎవరో హడావుడిగా రంగు పూశారు, అందుకే ఆరలేదు. గోటితో కొంచెం గీకాడు. లోపల తెల్లటి ఇనుము, మొద్దుబారిన మూల.

"మొన్నటి నుంచీ బయటివాళ్ళెవరైనా లోపలికొచ్చారా?"

"పోలీసులు తప్ప పురుగు కూడా రాలేదు సార్."

"మరి ఈ రంగెవరు వేశారు? పురుగా?"

"ఓ, అదా! టచప్ అక్క సార్. నిన్న పొద్దున్నే వచ్చి గీతలు పడ్డచోటల్లా బ్రష్షుతో అద్దిపోయింది. రోజూ వచ్చేదే. ఆవిడ బయటి మనిషేంటి సార్, మన ఫౌండ్రీ ఆవిడే. మేస్త్రీగారి భార్య."

శొంఠికొమ్ము చేతిలోని స్పానర్ ఒక్కసారిగా బరువెక్కింది. నిన్న సాయంత్రం తన గదికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, 'మా ఆయన్ని కాపాడన్నయ్యా' అన్న మనిషి. ఆవులింతకు అన్న ఉన్నాడు కానీ తుమ్ముకు తమ్ముడు లేడన్నట్టు బతుకుతున్న తనను ఒకరు వరస పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో! ఆ ఒక్క పిలుపుకే కేసు ఒప్పుకున్నాడు. ఆ చెల్లెలే ఈ నట్టుకు రంగు పూసి వెళ్ళింది.

"గురువుగారూ! చెప్పాపెట్టకుండా వచ్చేశారే!"

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. స్టేషన్లో అందరూ చాటుగా ఇస్త్రీ అంటారు. ఎండలో నిలబడ్డా, వానలో తడిసినా చొక్కా మడత నలగదు. మూడేళ్ళు శొంఠికొమ్ము కింద పని నేర్చుకున్నవాడు. పైవాళ్ళతో గొడవపడి శొంఠికొమ్ము రాజీనామా విసిరేసి బయటికి నడిచినప్పుడు, వెనక ఇస్త్రీ వస్తున్నాడనే అనుకున్నాడు. మెట్లు దిగి వెనక్కి చూస్తే ఎవరూ లేరు. ఆ తర్వాత ఆ కుర్చీలో ఇస్త్రీయే కూర్చున్నాడు.

శొంఠికొమ్ము స్పానర్‌ను తీరిగ్గా కొక్కేనికి తగిలించాడు. "చెప్పి వస్తే ఏం చేసేవాడివి? తివాచీ పరిచేవాడివా?"

"గేటుకు తాళం వేయించేవాణ్ణి. నా కేసులో మీ వేలెందుకు సార్? మధ్యాహ్నం కాలర్ పట్టుకున్నాడు, సాయంత్రం గేటు దగ్గర కనిపించాడు, ఆరింటికి శవం. ఇంకేం కావాలి?"

"మేస్త్రీ స్పానర్ పట్టే మనిషి కాదు. ఇనుము పోసే గరిటె పట్టే మనిషి."

"ఇంజనీరు మాత్రం పట్టే మనిషా? ఆయన కొలిచేవాడు, విప్పేవాడు కాదు. తనంతట తాను పడ్డవాడు స్పానర్‌ని వెంటబెట్టుకుని పడతాడా?"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు."

"నాలుగోది చూపించండి, ఇప్పుడే ఒప్పుకుంటాను."

నాలుక చివరిదాకా వచ్చిన మాటను శొంఠికొమ్ము మింగేశాడు. ఇది బయటి దేశం పంపు అని ఇప్పుడంటే ఏమవుతుంది? 'అయితే ఆ గుట్టు దాచడానికే మేస్త్రీ చంపాడన్నమాట, థాంక్యూ సార్' అంటాడు ఇస్త్రీ. తాడు తెచ్చి తలారి చేతికిచ్చినట్టవుతుంది. రంగు పూసిన మనిషి నోరు విప్పందే ఈ నట్టు ఎటువైపు సాక్ష్యం చెబుతుందో ఎవరికి తెలుసు? అందుకే మూడు పంపుల వంకా మరోసారి చూసి, నాలుగోదాని జోలికి పోకుండా తలుపు వైపు నడిచాడు.

"సాయంత్రానికి సంపులోకి నీళ్ళు వదులుతారు సార్," వెనకనుంచి ఇస్త్రీ అన్నాడు. "రేపు ప్రారంభోత్సవం. ఇక్కడ ఇంక చూడ్డానికేం ఉండదు."

"కానివ్వు."

"భోంచేశారా?"

శొంఠికొమ్ము ఆగాడు. ఆ ప్రశ్న తననెవరో అడిగి వారం పైనే అయింది. "నీకెందుకు?" అని బయటికొచ్చేశాడు. బస్సులో కూర్చున్నాక, అవునని అన్నా పోయేది కదా అనిపించింది. కానీ భోంచేయలేదు మరి.

ఫౌండ్రీ యజమానురాలిని అందరూ అమ్మగారు అంటారు. అరవై దాటినా నడుం వంగలేదు, గొంతూ వంగలేదు. ఆఫీసు గదికి ఒకవైపంతా అద్దం. అద్దం కింద కొలిమి, ఇసుక అచ్చులు, చెమటలు కక్కుతున్న మనుషులు.

"మీ పంపు నమూనా ఎవరిదమ్మా?" అడిగాడు శొంఠికొమ్ము.

"మా మామగారు బయటి దేశం పంపొకటి కొని, విప్పి, ముక్క ముక్కా ఇసుకలో అద్ది నేర్చుకున్నారు. దాంట్లో దాచేదేముంది? నడక నేర్చినవాళ్ళంతా ఎవరో ఒకరి వేలు పట్టుకున్నవాళ్ళే."

"అంటే రంగేసి పక్కపక్కన పెడితే ఏది ఇక్కడిదో ఏది అక్కడిదో తెలీదు."

అమ్మగారు బల్ల మీద పేపర్‌వెయిటు అటుది ఇటు జరిపింది.

"అక్కడివాళ్ళు ఇప్పటికీ అదే పంపు చేస్తున్నారా?"

"చేస్తున్నారు. మనకంటే చౌకగా. వాళ్ళకున్నంత పెద్ద కొలుములు మనకేవి? సర్కారు రూలు లేకపోతే రేపే నా కొలిమి ఆరిపోతుంది. మొలకకు కంచె వేయకపోతే మేకలు మిగలనిస్తాయా?"

"నలభై ఏళ్ళ ఫౌండ్రీ ఇంకా మొలకేనా అమ్మా?"

"ముప్ఫై ఏడేళ్ళు మేకలు మేసిన మొలక. కంచె వేసి మూడేళ్ళే అయింది. చిగురు చూసి నవ్వేవాళ్ళకి మోడు కనపడదు."

నిజం చెప్పాలంటే ఆవిడ అన్యాయం మాట్లాడటం లేదు. అదే ఇబ్బంది.

"నాలుగో పంపు టెస్టులో పగిలిందా అమ్మా?"

ఆవిడ అద్దం వైపు తిరిగింది. "పోలీసులకు లేని అనుమానాలు మీకెందుకు? మేస్త్రీకి మంచి వకీలుని పెడుతున్నాను. ఆ ఇంటికి ఏ లోటూ రానివ్వను."

"మనిషి లోపలుండటం లోటు కాదా?"

"కింద మూడొందల ఇళ్ళున్నాయి బాబూ. మూడొందల ఇళ్ళ ముందు ఒక ఇల్లు." అద్దం మీది మసిని కొంగుతో తుడిచింది. "నేను నిద్రపోతున్నానని మాత్రం అనుకోకండి. ఇక వెళ్ళండి."

మేస్త్రీ అమాయకుడని ఈవిడకు తెలుసు. తెలిసే ఊరుకుంది. శొంఠికొమ్ము మెట్లు దిగి నేరుగా ఫినిషింగ్ షెడ్డుకు నడిచాడు.

షెడ్డు నిండా ఆడవాళ్ళే. గ్రైండింగ్ మిషన్లు గీపెడుతున్నాయి, ఆకురాళ్ళు ఇనుము మీద కరకరమంటున్నాయి. చివరి బల్ల దగ్గర మేస్త్రీ భార్య ఒక పోత అంచును రుద్దుతోంది. మొగుడు లాకప్‌లో ఉన్నా పనికి రావాల్సిందే మరి. అతన్ని చూసి చెయ్యి ఆపకుండానే అరిచింది.

"గట్టిగా చెప్పన్నయ్యా! ఇక్కడ పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకే వినపడదు!"

"మంచిదే," శొంఠికొమ్ము ఆమె చెవి దగ్గరగా వంగి అరిచాడు. "నాలుగో పంపు మీద పేరు చెరిపిందెవరమ్మా?"

ఆకురాయి ఆగిపోయింది. అతని ముఖంలోకి చూసింది. చూసి, ఇక బుకాయించి లాభం లేదనుకున్నట్టుంది.

"నేనే. ఆయన పోసింది నీళ్ళ టెస్టులో బీటిచ్చింది. వెంట్రుకంత బీట. ఆ వారం ఆయన జ్వరంతో మంచంలో ఉన్నాడు. మళ్ళీ పోయడానికి టైము లేదు, గడువు దాటితే కాంట్రాక్టు పోతుంది. అమ్మగారు బయటి పంపు తెప్పించి, చెరిపే పని నాకిచ్చారు. నేను రుద్దితే మచ్చ మిగలదని."

"మేస్త్రీకి తెలీదా?"

"ఎలా చెప్పనన్నయ్యా? ముప్ఫై ఏళ్ళలో ఆయన పోత ఒక్కటీ పగల్లేదు. నలుగురిలో చెప్పుకోడానికి ఆయనకు అదొక్కటే ఉంది. 'నీది పగిలింది, పారేశారు' అని ఏ నోటితో చెప్పను? నాలుగూ తనవేనని మురిసిపోతుంటే అన్నం పెట్టి ఊరుకున్నాను."

"నిన్న పొద్దున నట్టుకు రంగెందుకు వేశావు?"

"గీతలు పడి తెల్లగా మెరుస్తోంది. ఇంజనీరు పడి చచ్చిపోయాడని అప్పుడే తెలిసింది, కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరైనా వంగి చూస్తే పంపు గుట్టు బయటపడుతుందని అద్దేశాను. అప్పటికి ఆయన్ని పట్టుకోలేదు కదా! పడి చచ్చిపోయాడనే అన్నారు."

శొంఠికొమ్ముకు ఆ తర్వాత మాట చెప్పాలనిపించలేదు. కానీ చెప్పకుండా పోతే తాను వచ్చినట్టూ కాదు.

"ఆ గీతలే మీ ఆయనకు సాక్ష్యం, చెల్లెమ్మా. ఇంజనీరు మూత విప్పబోయాడు. మీ ఫౌండ్రీ స్పానర్ ఆ నట్టుకు వదులు. లాగితే జారింది, వెనక్కి పడిపోయాడు. ఎవరూ చంపలేదు. ఆ సంగతి చెప్పే ఒక్క గుర్తునీ నువ్వు రంగు కింద కప్పెట్టావు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇనుప రజను పెదాలకంటుకుంది. "అయ్యో నా తల్లీ... నేనే... నా చేత్తో నేనే ఆయన గొంతు..." అంటూనే హఠాత్తుగా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "అన్నయ్యా! నట్టుకు రంగేశానని నిన్న అమ్మగారికి చెప్పాను. పని చేస్తే చెప్పాలి కదా. ఏ నట్టు, ఎలా ఉంది అని గుచ్చి గుచ్చి అడిగారు. ఇందాక భోజనాలవేళ ఇద్దరు ఫిట్టర్లని వ్యానెక్కించారు. నాలుగోదాని నట్లు మార్చి రమ్మని!"

భోజనాలవేళ! అంటే తాను బస్సులో ఇటు వస్తుంటే వ్యాను అటు పోయింది. నట్టు మారితే సాక్ష్యం మారిపోతుంది. రేపటి ప్రారంభోత్సవానికి గట్టు కడిగితే మడమ గీత కూడా పోతుంది. ఇప్పుడు ఎగిరి వెళ్ళినా అందదు. పంపుహౌసుకు దగ్గర్లో ఉన్న మనిషి ప్రపంచంలో ఒక్కడే. వాడి నంబరు ఫోనులోంచి ఎప్పుడో తీసేశాడు. వేళ్ళకు మాత్రం గుర్తుంది, వేళ్ళకు పౌరుషం ఉండదు కదా.

"చెప్పండి గురువుగారూ," అంది ఇస్త్రీ గొంతు, మొదటి రింగుకే.

"ఎక్కడున్నావు? పంపుహౌసుకు ఒక వ్యాను..."

"గేటు దగ్గరే ఆపించాను. నేను నాలుగో పంపు పక్కన నిలబడి ఉన్నాను."

శొంఠికొమ్ము రెండో చెవిని అరచేత్తో మూసుకుని, ఫోను ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"మూడు పంపుల్నీ చూసి, దీని వంక చూడకుండా వెళ్ళిపోయారు. డిటెక్టివ్ చూడనట్టు నటించేదే చూడాలని నాకు నేర్పిందెవరు సార్? మీరు వెళ్ళగానే స్పానర్ తొడిగి చూశాను. రంగు కూడా గీకాను. ఇది జారుడే, ఒప్పుకుంటాను. కానీ ఒక్క నట్టు పట్టుకుని కోర్టుకు వెళ్ళలేను. బిగించేటప్పుడే అరిగిందని ఫౌండ్రీ వకీలు అంటాడు. ఇది బయటి పంపని, గీతలు ఇంజనీరు పోయిన మర్నాడే మొదటిసారి కనపడ్డాయని చెప్పే మనిషి కావాలి. ఉన్నారా అలాంటివాళ్ళు? లేకపోతే నా మేస్త్రీ నా దగ్గరే ఉంటాడు."

శొంఠికొమ్ము ఫోను చెవికి ఆనించుకునే ఆమె వైపు చూశాడు. ఆమెకు అవతలి మాటలు వినపడలేదు. కానీ అతని ముఖం చూసి అంతా అర్థమైపోయినట్టుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే కొలిమి ఆరిపోతుంది. ఈ షెడ్డులో చిన్నప్పటి నుంచీ పక్కపక్కన కూర్చుని అన్నం పంచుకున్న ఆడవాళ్ళంతా రేపు ఆమె ముఖం చూడరు. మొగుడు బయటికొస్తాడు, కానీ ఏ మాట పట్టుకుని ఇన్నాళ్ళూ తలెత్తుకుని తిరిగాడో ఆ మాట లేకుండా వస్తాడు. చెప్పమని శొంఠికొమ్ము అడగలేదు. అడిగే హక్కు, పోగొట్టుకోవడానికి ఏదైనా ఉన్నవాడికి ఉండాలి.

ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుంది. ఫోను అందుకుంది.

"నేనండీ! మేస్త్రీగారి భార్యని! రంగేసింది నేనే!" మిషన్ల మోతలో గొంతు చించుకుని అరిచింది. "నిన్న పొద్దున! అంతకుముందు రోజు ఆ గీతలు లేవు, నేను రోజూ చూస్తాను! ఆ పంపు మాది కాదండీ! బయటిది! పేరు కూడా నేనే చెరిపాను!"

పక్క బల్ల దగ్గరి మిషను ఆగింది. ఆ మిషను ఆగిందేమిటా అని దాని పక్కది ఆగింది. ఒక్కొక్కరే తల తిప్పారు. ఆకురాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదించాయి. ఆమె కళ్ళు మూసుకుని చెప్పుకుపోతోంది. శొంఠికొమ్ముకు ఒంటరితనం కొత్త కాదు, ఆ విద్యలో అతన్ని మించిన పండితుడు ఉండడు. కానీ అంతమంది అయినవాళ్ళ నడుమ అంత ఒంటరిగా నిలబడ్డ మనిషిని అతను ఎన్నడూ చూడలేదు. ఏం చేయాలో తెలియక, రెండడుగులు వేసి ఆమె పక్కన నిలబడ్డాడు.

ఎవరో చివరి మిషను కూడా కట్టేశారు. షెడ్డంతా ఆమె వైపే చూస్తోంది. అవతల ఇస్త్రీ ఏదో అడిగినట్టున్నాడు. ఆమె కళ్ళు తెరిచింది.

"లేదండీ," అంది. "ఆయన పోసింది పగిలిపోయింది. ఆయనకింకా తెలీదు."

ఆ మాట చెప్పడానికి ఆమె అరవాల్సిన పని లేకపోయింది.